మాట పడిపోయిన ఇమామ్ గజాలీ

హిజ్రీ 488, రజబ్ మాసం. అంటే క్రీ.శ. 1095 జూలై. బాగ్దాద్ నిజామియా మదర్సాలో మూడు వందల మంది విద్యార్థులకు దర్స్ ఇచ్చే ఉస్తాద్‌కు నోట మాట రావడం మానేసింది. వచ్చినవారి మనసు నొప్పించడం ఇష్టంలేక, ఒక్కరోజైనా పాఠం చెబుదామని ఆయన ఎంతో ప్రయత్నించేవారు. నాలుక కదిలేది కాదు. ఆయనే హుజ్జతుల్ ఇస్లామ్ ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్). అప్పటికి ఆయన వయసు 38.

హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో ఆయన జన్మించారు. తండ్రి పేదవారు. చనిపోయే ముందు ఇద్దరు కొడుకులను ఒక సూఫీ మిత్రునికి అప్పగించారు. ఉన్న కొద్దిపాటి డబ్బు అయిపోయాక, కనీసం అన్నం దొరుకుతుందని ఆ మిత్రుడు పిల్లలను మదర్సాలో చేర్పించారు. ఆకలి తీర్చుకోవడానికి మొదలైన ఆ చదువు నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్దకు చేరింది. తర్వాత సల్జూక్ వజీర్ నిజాముల్ ముల్క్ ఆయనను 34వ ఏట బాగ్దాద్‌కు పంపారు. ఆ కాలంలో ఒక ఆలిమ్‌కు అంతకన్నా పెద్ద పదవి లేదు.

మరుసటి ఏడాదే, 1092లో, నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. కొన్ని వారాలకే సుల్తాన్ మలిక్ షా మరణించారు. ఆ భయమే గజాలీని కుంగదీసిందని కొందరు చరిత్రకారుల ఊహ. ఆయన మాత్రం తన స్వీయచరిత్రలో వేరే కారణం చెప్పారు. తాను పాఠం చెబుతున్నది అల్లాహ్ కోసం కాదు, పేరు కోసమేనని ఆయనకు అనిపించింది. అన్నీ వదిలి వెళ్లిపోవాలని పొద్దున నిశ్చయించుకుంటే, సాయంత్రానికి ఆ నిశ్చయం సడలేది. దాదాపు ఆరు నెలలు ఇలాగే నలిగిపోయారు. ఆయన మాటను పక్కనపెట్టి మన ఊహలను నమ్మడం నాకు సబబుగా తోచదు.

మాట తర్వాత ఆకలి పోయింది. గుక్కెడు నీళ్లు దిగేవి కావు, ముద్ద అరిగేది కాదు. శరీరం నీరసించింది. హకీములు పరీక్షించి, ఇది మనసులో పుట్టి శరీరానికి పాకిన జబ్బు, లోపలి దిగులు తీరనిదే మందు పనిచేయదని చేతులెత్తేశారు.

నేటి వైద్యులు ఇదే సంగతిని మరో విధంగా వివరిస్తారు. ఆందోళన కలిగినప్పుడు మూత్రపిండాల మీదున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, జీర్ణకోశం మందగిస్తుంది. కాసేపటికి సర్దుకుంటే నష్టం లేదు. నెలలు, సంవత్సరాలు అలాగే సాగితే రక్తపోటు, షుగర్, నిద్రలేమి, గుండెజబ్బు దరిచేరే అవకాశం పెరుగుతుంది. రోగాలను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. ఇక్కడొక హెచ్చరిక. మన ఇళ్లలో ఎవరికైనా హఠాత్తుగా మాట పడిపోతే మనోవ్యథ అనుకుని కూర్చోరాదు. అది పక్షవాతం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గజాలీని కూడా ముందు హకీములకే చూపించారు కదా!

జుల్‌ఖాదా మాసంలో ఆయన బాగ్దాద్ విడిచారు. హజ్‌కని చెప్పి సిరియా వెళ్లారు. ఆస్తిని పంచేశారు గాని, భార్యాబిడ్డల పోషణకు సరిపడా ఉంచారు. ఫకీరై ఇల్లాలిని వీధిపాలు చేశారని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. దమిష్క్ జామె మసీదు మినారులో తలుపు వేసుకుని రోజంతా ఇబాదత్‌లో గడిపేవారు. తర్వాత బైతుల్ మఖ్దిస్, ఆపై హజ్. ఆయన మహాగ్రంథం ఇహ్యా ఉలూమిద్దీన్ ఈ సంవత్సరాల్లో వెలువడినదే.

అయితే ఆ ఏకాంతం చివరిదాకా నిలవలేదు. పిల్లలు రమ్మని కబురంపితే ఇంటికి తిరిగి వచ్చారు. సంసారపు చింతలు మళ్లీ చుట్టుముట్టాయని, ప్రశాంతత అప్పుడప్పుడే దొరికేదని దాచకుండా రాసుకున్నారు. హిజ్రీ 499లో నైషాపూర్‌లో మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. తర్వాత తూస్‌లో తన ఇంటి పక్కనే మదర్సా, ఖాన్‌ఖా నడిపారు.

హిజ్రీ 505 జమాదివుస్సానీ 14, క్రీ.శ. 1111 డిసెంబరు 18, సోమవారం. తెల్లవారుజామున వుజూ చేసి, నమాజు చదివి, కఫన్ తెప్పించుకుని కళ్లకద్దుకున్నారని తమ్ముడు అహ్మద్ తెలిపారు. ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారు. పొద్దు పొడవకముందే కన్నుమూశారు.