ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జన్

విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో జన్మించారు. తండ్రి బట్టల వ్యాపారి. హాలండ్‌లో చదివే రోజుల్లో, టీచరును వెక్కిరిస్తూ బొమ్మ గీసిన తోటి విద్యార్థి పేరు చెప్పనందుకు ఆయన్ను బడి నుంచి పంపేశారు. చేతిలో సర్టిఫికెట్ లేదు. అయినా చదువు మానలేదు. ఆ సర్టిఫికెట్ అడగని జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరి, 1869లో డాక్టరేట్ సాధించారు.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో, నల్ల అట్టతో కప్పిన గాజు గొట్టంలోకి కరెంటు పంపుతుంటే, దూరంగా ఉన్న రసాయనం పూసిన తెర మెరిసింది. కంటికి కనబడని ఆ కిరణాలకు, లెక్కల్లో తెలియని దానికి పెట్టే ఎక్స్ పేరే పెట్టారు. డిసెంబరు 22న భార్య చేతి ఎముకలను ఉంగరంతో సహా ఫోటో తీశారు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే. ఆ సొమ్ము యూనివర్సిటీకే ఇచ్చేశారు. పేటెంటు తీసుకోలేదు. తన కిరణాలు అందరికీ అందాలన్నదే ఆయన కోరిక. 1923 ఫిబ్రవరి 10న పేగు క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే ఏడాది మన విశాఖలో కేజీహెచ్, ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలయ్యాయి.

మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని, కడుపు వెనుక దాగిన క్లోమం కనబడదు. 1971లో తొలిసారి రోగికి వాడిన సి.టి. స్కాన్, అవే కిరణాలను చుట్టూ తిప్పి ఒంటిని పొరలు పొరలుగా చూపింది. అయినా క్లోమ క్యాన్సర్ చాలామందిలో ముదిరాకే బయటపడుతోంది. అందుకే ఇప్పుడు డీప్ లెర్నింగ్ పద్ధతిలో కంప్యూటరుకు స్కాన్లు చూపించి నేర్పుతున్నారు. అలా నేర్పాలంటే ముందు ఒక మనిషి కూర్చుని, ప్రతి పొరలోనూ క్లోమం అంచు గీయాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ అలాంటి 82 స్కాన్లను అందరికీ ఉచితంగా ఇచ్చింది. వాటిపై గీతలు గీసింది ఒక వైద్య విద్యార్థి, సరిచూసింది అనుభవమున్న రేడియాలజిస్టు. 2023లో చైనా పరిశోధకులు మూడు వేలకు పైగా రోగుల స్కాన్లతో నేర్పిన కంప్యూటరు, రక్తంలోకి మందు ఎక్కించకుండా తీసిన సి.టి.లోనూ ఈ క్యాన్సర్‌ను పట్టగలదని చూపారు.

తమ్ముళ్లారా! మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. ఒక్క కాగితం లేక చదువు ఆగిపోతుందేమోనన్న భయం మనకు కొత్త కాదు. రాంట్‌జన్‌ను ఆ కాగితం ఆపలేకపోయింది. మనలాంటి ఊళ్ల వాళ్ల స్కాన్లు చూడని కంప్యూటరు, రేపు మన జబ్బును సరిగ్గా పోల్చుకోలేకపోవచ్చు. పేరూ ఊరూ తీసేసి, మనవాళ్ల స్కాన్లు కూడా ఆ చదువులో చేరాలి. వాటిపై గీతలు గీసే చేతుల్లో మన చోడవరం హాస్టల్ చేతులూ ఉండాలని మేము కోరుకుంటున్నాం.