28 పౌండ్లతో సరిపెట్టుకున్న జాన్ వెస్లీ

మైసూరులోనూ చెన్నై రాయపేటలోనూ ఉంటున్న మన తెలుగువాళ్ళు వెస్లీ పేరున్న చర్చిల ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ మెదక్‌లో పెద్ద చర్చి కట్టించిన పాస్నెట్ దొర కూడా వెస్లియన్ మిషనరీయే. ఆ వెస్లీ గారు డబ్బు విషయంలో ఎలా బతికారో పాఠకులకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. ఏ మతం వారైనా సరే, నెల జీతంతో ఇల్లు నడిపినవారికి ఆయన జమాఖర్చుల్లో తెలుసుకోదగ్గది ఉంది.

జాన్ వెస్లీ 1703 జూన్ 17న ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి చర్చి గురువు. తల్లి సుసన్నా 19 మందిని కన్నది, సుమారు సగం మంది పసితనంలోనే పోయారు. జాన్‌కు రెండేళ్ళ వయసులో తండ్రి అప్పు తీర్చలేక జైలుపాలయ్యారు. 1709లో ఇల్లు తగలబడితే పిల్లవాణ్ణి ఆఖరి నిమిషంలో కిటికీలోంచి దించారు. అప్పుల ఇంట్లో పెరిగినవారికి పెద్దయ్యాక చేయి బిగుసుకుపోవడం మామూలు. నిజం చెప్పాలంటే మేమూ అలాంటివాళ్ళమే.

వెస్లీ గారు ఆక్స్‌ఫర్డులో చదివి, 1726లో అక్కడే లింకన్ కళాశాలలో ఫెలో అయ్యారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. గది గోడలకు పటాలు కొని తగిలించుకున్నారు. ఒక చలికాలం రోజు ఒక పేదపిల్ల పలచని గౌనుతో వణుకుతూ ఎదుటికి వచ్చింది. ఏమైనా ఇద్దామని జేబులో చేయి పెడితే దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల ఒంటిమీదికి రావలసిన డబ్బు తన గోడ మీద వేలాడుతోందని అప్పుడు తట్టింది. ఆ సిగ్గు ఆయన్ను జన్మంతా వదల్లేదు.

తరువాత ఒక ప్రసంగంలో ఆయన ఆక్స్‌ఫర్డు యువకుడొకరి లెక్క చెప్పారు. అది ఆయన సొంత లెక్కేనని చరిత్రకారుల అభిప్రాయం. మొదటి ఏడు రాబడి 30 పౌండ్లు, ఖర్చు 28, దానం 2. రెండో ఏడు రాబడి 60 అయింది. ఖర్చు అదే 28, దానం 32. మూడో ఏడు 90కి 62 ఇచ్చారు, నాలుగో ఏడు 120కి 92 ఇచ్చారు. ఇందులో మాకు నచ్చింది దానం మొత్తం కాదు, ఖర్చు గడిలో అంకె కదలకపోవడం. గుమాస్తాగిరీ చేసినవాళ్ళకు ఇది ఎంత కష్టమో తెలుసు. డీఏ పెరిగిన ప్రతిసారీ ఇంట్లో కొత్త అవసరం సిద్ధంగా ఉండేది. గ్రాట్యుటీ చేతికొచ్చిన ఏడాది మేము మేడ మీద గది వేసుకున్నాం. సంఘం తరఫున పేదపిల్లల ఫీజుల నిధికి మాత్రం పాత చందాయే రాశాం.

1738 మే 24న లండనులో ఒక చిన్న కూటంలో ఆయనకు విశ్వాసం స్థిరపడింది. అక్కడి నుంచి యాభై ఏళ్ళు, ఎక్కువగా గుర్రం మీద, ఊరూరా తిరిగి, గని కార్మికులకూ కూలీలకూ ఆరుబయట ప్రసంగించారు. ఇవన్నీ చాలా పుస్తకాల్లో ఉన్నాయి. వాటిలో అంతగా కనబడనిది 1746లో ఆయన లండనులో పెట్టిన అప్పుల నిధి. కలిగినవారి గడపలెక్కి చందాలు పోగుచేశారు. అవసరమున్న పేదవాడికి 20 షిల్లింగులు మించకుండా బదులిచ్చి, మూడు నెలల్లో తిరిగి కట్టించుకునేవారు. అంత చిన్న నిధితో ఏడాదిలో 250 మంది గట్టెక్కారు. తరువాతి కాలంలో చెప్పులు కుట్టే జేమ్స్ లాకింగ్టన్ 5 పౌండ్లు తీసుకుని లండనులో పేరుపొందిన పుస్తకాల వ్యాపారి అయ్యాడు. బాగుపడ్డాక మెథడిస్టులను వెక్కిరిస్తూ పుస్తకం రాశాడు. చందాలు పోగుచేసే పనిలో ఇలాంటివీ ఉంటాయి.

వెస్లీ గారి పుస్తకాలు బాగా అమ్ముడుపోయి పెద్ద మొత్తాలే వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి. 1776లో వెండి సామాను మీద పన్ను అధికారులు ఆయన దగ్గర దాచిన వెండి ఉందేమోనని ఆరా తీశారు. లండనులో రెండు, బ్రిస్టలులో రెండు టీ చెంచాలున్నాయనీ, చుట్టూ జనం తిండిలేక ఉండగా ఇంకేమీ కొననన్నారు.

ఆయన్ను బాధపెట్టింది సొంత శిష్యులే. తాగుడు మాని, కష్టపడి, పొదుపు చేసి వాళ్ళు ధనవంతులయ్యారు. సంపాదించమన్న మాట విన్నారు, దాచమన్నదీ విన్నారు, పంచమన్నది చెవిన పెట్టలేదు. ముసలితనంలో ఆయన ప్రసంగాల్లో ఇదే దిగులు. ఆయనకూ లోటు ఉంది. ఊళ్ళకు పంచిన ఓర్పూ సమయమూ ఇంటికి దక్కలేదు, భార్య ఆయన్ను విడిచి వెళ్ళిపోయింది.

1785 జనవరిలో, 81 ఏళ్ళ వయసులో, పేదలకు ఏటా ఇచ్చే బొగ్గులూ రొట్టెలూ చాలవనీ ఈసారి బట్టలు కావాలనీ గ్రహించారు. కరుగుతున్న మంచు చీలమండల దాకా ఉన్న లండను వీధుల్లో ఐదు రోజులు తిరిగి, 200 పౌండ్లు అడిగి తెచ్చారు. వెంటనే జబ్బుపడ్డారు.

1790 జూలైలో, చేయి వణుకుతుండగా, ఇక లెక్కలు రాయలేనని పుస్తకం మూసేశారు. 1791 మార్చి 2న పోయారు. తన జేబుల్లోనూ బల్ల సొరుగుల్లోనూ దొరికే చిల్లర ఎవరికి చెందాలో వీలునామాలో ముందే రాసిపెట్టారు. శవానికి బండీ ఆర్భాటమూ వద్దన్నారు. ఆరుగురు పేదవాళ్ళు మోయాలనీ, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇవ్వాలనీ రాశారు.