యుంగ్ వింగ్ – యేల్ చదివిన తొలి చైనీయుడు

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, కాలేజీలో తొలి ఇంగ్లీషు లెక్చరు విని బిక్కమొహం వేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. వాళ్ళకి యుంగ్ వింగ్ కథ తెలియాలి.

1828లో మకావు దగ్గరి ఓ పల్లెలో, బీద ఇంట్లో పుట్టాడాయన. ఏడేళ్ళకే తండ్రి ఓ మిషనరీ దొరసాని నడిపే ఇంగ్లీషు బడిలో వేశాడు. తరువాత మారిసన్ స్కూల్లో శామ్యూల్ బ్రౌన్ అనే అమెరికన్ మాస్టారు దొరకడం యుంగ్ అదృష్టం. ఆరోగ్యం చెడి 1847లో స్వదేశం వెళ్తూ బ్రౌన్ ముగ్గురు కుర్రాళ్ళని వెంటబెట్టుకెళ్ళాడు. వారిలో యుంగ్ ఒకడు.

1850లో యేల్‌లో చేరేనాటికి ఆయన చదివిన లాటిన్ పదిహేను నెలలది, గ్రీకు ఏడాదిది. లెక్కలు అసలు కొరుకుడు పడలేదు. అయినా రెండో ఏట ఇంగ్లీషు వ్యాసరచనలో రెండుసార్లు మొదటి బహుమతి కొట్టాడు! చేతిలో డబ్బు లేక, తోటి విద్యార్థుల మెస్సుకి సరుకులు తెచ్చి, వడ్డించి, తన తిండి గడుపుకున్నాడు. 1854లో పట్టా పుచ్చుకున్నాడు. అమెరికా విశ్వవిద్యాలయంలో పట్టా పొందిన చైనీయుల్లో ఆయనే మొదటివాడు.

పోగొట్టుకున్నదేమిటో తిరుగు ప్రయాణంలో తెలిసింది. ఓడ హాంకాంగ్ చేరబోతుండగా, దారి చూపడానికి వచ్చిన చైనా సరంగుని ఏదో అడగమన్నాడు కెప్టెను. యుంగ్‌కి మాట పెగల్లేదు. సొంత భాషే మరిచిపోయాడు! కాంటన్‌లో కూర్చుని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది.

తనలాగే మరికొందరు చదవాలన్న పట్టుదలతో ఏళ్ళ తరబడి అధికారుల చుట్టూ తిరిగాడు. చివరికి త్సెంగ్ క్వోఫాన్, లీ హుంగ్‌చాంగ్‌ల అండతో ప్రభుత్వం ఒప్పుకుంది. 1872 నుంచి ఏటా 30 మంది చొప్పున నాలుగేళ్ళలో 120 మంది బాలురు అమెరికా వెళ్ళారు. వెళ్ళేముందు షాంఘైలో కొంత ఇంగ్లీషు నేర్పారు. అక్కడ దిగాక హాస్టల్లో పడేయలేదు. కనెక్టికట్, మసాచుసెట్స్ ఊళ్ళలో ఇద్దరేసి చొప్పున గృహస్థుల ఇళ్ళలో ఉంచారు. అన్నం దగ్గరా ఆటల దగ్గరా వచ్చిన ఇంగ్లీషు ఏ గ్రామరు పుస్తకంలోనూ రాదుగదా! తన అనుభవం గుర్తుండే కాబోలు, హార్ట్‌ఫర్డ్ కార్యాలయంలో చైనా పంతుళ్ళచేత చైనీస్ పాఠాలూ చెప్పించారు.

అయినా పిల్లలు బేస్‌బాల్ ఆడి, చర్చికి వెళ్ళి దొరలైపోతున్నారని పై అధికారులు ఫిర్యాదులు రాశారు. అమెరికా తన సైనిక కళాశాలల్లో వాళ్ళని చేర్చుకోనంది. 1881లో అందరినీ వెనక్కి రమ్మన్నారు. అప్పటికి డిగ్రీ చేతికొచ్చింది ఇద్దరికే. మిగతావాళ్ళ చదువు మధ్యలోనే తెగింది. ఇంత అన్యాయం ఏ విద్యార్థికీ జరగకూడదు. ఆ ఇద్దరిలో ఒకడైన ఝాన్ టియన్‌యూ తరువాత పెకింగ్–కాల్గన్ రైలుమార్గం నిర్మించాడు. అది 1909లో పూర్తయింది.

యుంగ్‌కి 1852లో ఇచ్చిన పౌరసత్వం చెల్లదని 1898లో అమెరికా ప్రభుత్వం అంది. అయినా చివరి రోజులు హార్ట్‌ఫర్డ్‌లోనే గడిపి, 1912 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ మార్చిలోనే, ఆయన తీసుకెళ్ళిన కుర్రాళ్ళలో ఒకడైన టాంగ్ షావోయీ చైనా రిపబ్లిక్‌కి తొలి ప్రధాని అయ్యాడు.