గురజాల బంగళాలో ముసలి దొర

గురజాల అనగానే మనకు నాయకురాలు నాగమ్మ గుర్తుకొస్తుంది. మాచర్ల అంటే బ్రహ్మనాయుడు, కారెంపూడి అంటే బాలచంద్రుడు. పల్నాటి బిడ్డ ఏ హాస్టల్లో ఉన్నా ఈ పేర్లు చెప్పి మీసం దువ్వుకోకుండా ఉండడు. నేనూ అంతే. అయినా మన ప్రాంతపు ప్రముఖుడొకరి జీవితం రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు ఆ వీరుల జోలికి పోలేదు. వాళ్ళను గురించి రాసేవాళ్ళు, పాడేవాళ్ళు ఏటేటా ఉంటూనే ఉన్నారు. కత్తి ఎరగకుండా, మందులూ పుస్తకాలూ పట్టుకొని గురజాలలో కాపురం పెట్టిన ఒక పరదేశి కథ చెబుతాను. ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. మనవాళ్ళ నోట ఫాదర్ హయ్యర్.

మిషనరీ అంటే మన కళ్ళ ముందు ఒక యువకుడు కనబడతాడు. టోపీ పెట్టుకొని, ఓడ దిగి, ఉత్సాహం పొంగిపోతూ ఉండేవాడు. ఆ కాలంలో చాలామంది అలాంటివాళ్ళే వచ్చారు. హయ్యర్ మాత్రం గుంటూరులో అడుగుపెట్టేసరికి నలభై తొమ్మిదేళ్ళవాడు. భార్య పోయింది. ఆరుగురు బిడ్డల తండ్రి. మన ఊళ్ళల్లో ఆ వయసువాళ్ళు అరుగు మీద కూర్చొని కొడుకు సంపాదన లెక్కలు చెప్పుకొంటారు. ఈయన పలక పట్టుకొని అ ఆలు మొదలుపెట్టాడు!

ఆయన పుట్టింది 1793 జులై 10న, జర్మనీలోని హెల్మ్‌స్టెట్ ఊళ్ళో. యూరప్ అంతా నెపోలియన్ యుద్ధాలతో అట్టుడుకుతున్న కాలం. పద్నాలుగో ఏట, 1807లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. అక్కడే పెరిగి, లూథరన్ చర్చి పెద్దల దగ్గర వేదాంతం చదివాడు. కొన్నాళ్ళు మళ్ళీ జర్మనీ వెళ్ళి గోటింగెన్ యూనివర్సిటీలో కూర్చున్నాడు. 1820లో పాస్టరయ్యాడు. ఇరవై ఏళ్ళపాటు పెన్సిల్వేనియా కొండల్లో, పడమటి కొత్త పల్లెల్లో తిరిగాడు. ఈ భాగం తొందరగా దాటేస్తున్నాను, ఎందుకంటే మనకు కావలసిన హయ్యర్ 1839 తర్వాతే మొదలవుతాడు. ఆ సంవత్సరం ఆయన భార్య చనిపోయింది. ఆ మరుసటేడే ఇండియాకు వెళ్ళడానికి ఒప్పుకొన్నాడు. అమెరికా లూథరన్లు పరదేశానికి పంపిన మొట్టమొదటి మిషనరీ ఆయనే.

1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. సూయెజ్ కాలువ ఇంకా లేదు. ఆఫ్రికా కొసన తిరిగి రావాలి. సింహళం చేరేసరికి 1842 మార్చి. అక్కడి నుంచి తూత్తుకుడి దిగి, అరవదేశమంతా దాటుకొంటూ మద్రాసు చేరి, నెల్లూరులో అప్పటికే ఉన్న అమెరికా బాప్టిస్టుల దగ్గర కొన్నాళ్ళు ఆగి, 1842 జులై 31న గుంటూరు చేరాడు. ఇప్పుడు మన సీనియర్లు అమెరికా వెళ్తే మర్నాడే అమ్మకు వీడియో కాల్ చేసి, పచ్చడి సీసా పగలలేదని చెబుతారు. హయ్యర్ ఇంటికి రాసిన ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. జవాబు రావడానికి మళ్ళీ అన్ని నెలలు. ఈ లోపల ఎవరు బతికున్నారో ఎవరు పోయారో దేవుడికే తెలియాలి.

అప్పటి గుంటూరు ఎలాంటిదో కూడా చెప్పాలి. పదేళ్ళ కిందటే, 1832-33లో, డొక్కల కరువు వచ్చి ఊళ్ళకు ఊళ్ళే ఊడ్చుకుపోయాయి. నందన నామ సంవత్సరపు కరువని పెద్దవాళ్ళు చెప్పేది అదే. తిండి లేక రోడ్ల పక్కన పడిపోయిన జనం ఎముకలు చాలాకాలం కనబడుతుండేవట. ఆ దెబ్బ నుంచి జిల్లా ఇంకా లేవలేదు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ దైవభక్తి గలవాడు, గుంటూరుకు ఒక మిషనరీ రావాలని కోరుకొంటున్నవాడు. హయ్యర్‌ను ఆదరించి, చోటు చూపి, డబ్బుతోనూ తోడ్పడ్డాడు. దొరకు దొర సాయం అని ఎవరైనా అంటే కాదనను. కలెక్టరు అండ ఉన్నవాడిని ఊళ్ళో ఎవరూ ఆపలేరు గదా. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. హయ్యర్ ఇంగ్లీషువాడు కాదు, కంపెనీ ఉద్యోగీ కాదు. పుట్టుక జర్మను, పెంపకం అమెరికను, తెలుగు ఆయనకు మూడో ప్రపంచం.

తెలుగు నేర్చుకోవడం ఎంత కష్టమో మనం ఊహించలేం, మనకది పాలతో వచ్చింది కనుక. సి.పి. బ్రౌను నిఘంటువు ఇంకా అచ్చు కాలేదు, అది 1852 మాట. కాంప్‌బెల్ వ్యాకరణం, నిఘంటువు ఉన్నాయి. కానీ పుస్తకాల తెలుగు వేరు, సంతలో తెలుగు వేరు. మొదట్లో దుబాసీని పక్కన పెట్టుకొనే బోధించాడు. ఆనాటి మిషనరీల దినచర్య ఇంచుమించు ఒకే రకంగా ఉండేది. ఎండెక్కకముందే ఊళ్ళో తిరగడం, తర్వాత మున్షీ ముందు కూర్చొని పాఠం, మధ్యలో బడి, సాయంత్రం మళ్ళీ జనం చేరేచోట నిలబడి మాట్లాడటం, రాత్రి దీపం కింద ఉత్తరాలు, లెక్కలు. చలికాలం వస్తే ఎద్దుబండి కట్టుకొని పల్లెలు తిరగడం. చెప్పుకోవడానికి ఏమీ లేని దినచర్య. ఈ చెప్పుకోవడానికేమీ లేని రోజులు ఏళ్ళ తరబడి మొయ్యడమే అసలు పని అని నాకనిపిస్తుంది.

ఏడాది తిరక్కముందే గుంటూరులో బడులు నడిపాడు. ఆడపిల్లలకు కూడా. 1842లో హయ్యర్ మొదలుపెట్టిన ఆ ఆంగ్లో-వెర్నాక్యులర్ స్కూలు నుంచే వరుసగా ఎదిగి, 1885లో కాలేజీ అయినది మన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. ఏ.సి. కాలేజీలో చదివిన తెలుగువాళ్ళ పేర్లు రాస్తే ఈ సంచిక చాలదు.

ఇక యువకుల సంగతి. 1844లో వాల్టర్ గన్ అనే యువకుడు భార్యతో సహా సాయానికి వచ్చాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. 1851లో గుంటూరులోనే కన్నుమూశాడు. ఇవతల మచిలీపట్నంలో 1841లో దిగిన హెన్రీ ఫాక్స్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆరోగ్యం పాడై ఇంగ్లండు తిరిగి వెళ్ళి 1848లో పోయాడు. తర్వాత పల్నాడులో గట్టిగా పనిచేసిన ఆడం లాంగ్ 1866లో సామర్లకోటలో మశూచికి బలయ్యాడు. మన వయసువాళ్ళూ, మనకన్నా నాలుగేళ్ళు పెద్దవాళ్ళూ ఇలా రాలిపోతుంటే, ముసలాయన మాత్రం నిలబడ్డాడు. అట్లాగని ఆయనది ఇనప శరీరమేమీ కాదు. మూడేళ్ళు గడిచేసరికే జబ్బుపడి 1845 చివర్లో అమెరికా దారి పట్టాడు.

అక్కడికి వెళ్ళి ఏం చేశాడు? విశ్రాంతి తీసుకొన్నాడనుకుంటారు. బాల్టిమోరులో వైద్యవిద్యలో చేరి, 1847లో ఎం.డి. పట్టా పుచ్చుకొన్నాడు! యాభై దాటిన మనిషి, కొడుకుల ఈడు కుర్రాళ్ళతో కలిసి క్లాసులో కూర్చొన్నాడు. బాక్‌లాగ్‌లు లెక్కపెట్టుకొనే మనం ఒకసారి ఆలోచించవలసిన విషయమే. అది వైద్యశాస్త్రం మారుతున్న కాలం కూడా. ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చెయ్యడం 1846 అక్టోబరులోనే బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపించారు. గుంటూరులో ఆయన చూసినదేమిటో దీనివల్లనే తెలుస్తోంది. ఎదురుగా జనం చస్తుంటే ప్రసంగం ఒక్కటే చాలదని గ్రహించాడు.

1848లో తిరిగొచ్చి, 1849లో పల్నాడు వెళ్ళాడు. గుంటూరు నుంచి గురజాల ఇప్పుడు బస్సులో సుమారు వంద కిలోమీటర్లు. అప్పుడు ఎద్దుబండి, రేగడి బురద, తర్వాత రాళ్ళు. నాగులేరు పొంగితే అంతే సంగతులు. శ్రీనాథుడంతటివాడు పల్నాటి జొన్నకూటి మీద, నీళ్ళ కరువు మీద విసుక్కొన్న సీమ అది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. దానికి నూట పద్దెనిమిదేళ్ళ ముందటి గురజాలను ఊహించుకోండి. నాపరాళ్ళ వేడి, ఎండిన వాగులు, కొండ పక్క పల్లెల్లో చలిజ్వరం. ఆ జ్వరం దోమకాటు వల్ల వస్తుందని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో ఆ గుట్టు విప్పింది 1897లో. డాక్టరు హయ్యర్‌కు కూడా చెడుగాలి వల్ల వచ్చే జ్వరమనే తెలుసు. తెలిసిన మందులతో, తెలియని శత్రువు మధ్య కూర్చొన్నాడు.

స్టోక్స్ సాయంతో గురజాలలో ఒక బంగళా వేసుకొన్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో ఒంటరిగా అక్కడ చేరాడు. తన భాష మాట్లాడే మనిషి దగ్గరలో లేడు. గుంటూరులోనైనా కచేరీ, కలెక్టరు, నలుగురు తెల్లవాళ్ళు ఉండేవారు. ఇక్కడ ఆయన చుట్టూ ఉన్నది రైతులు, సంతకు వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఊరి బయట పల్లెల్లోని మాల మాదిగలు. ఆయన బోధన విన్నదీ, ఆయన మతం పుచ్చుకొన్నదీ ఎక్కువగా వాళ్ళే.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మా తాతకు అక్షరం ముక్క వచ్చింది పల్నాటి పల్లెలో ఒక మిషను బడిలోనే. ఊళ్ళో వీధిబడి ఉండేదట. కానీ మావాళ్ళ పిల్లలకు ఆ అరుగు ఎక్కే హక్కు లేదు. ఇది హయ్యర్ పోయిన చాలాకాలానికి జరిగిన సంగతే అనుకోండి, బడి మాత్రం ఆయన వేసిన దారిలోదే. మా తాత నేర్చుకొన్న ఆ అక్షరాలు లేకపోతే నేనీ యూనివర్సిటీ గేటు లోపలికి వచ్చేవాణ్ణి కాదు.

హాస్టల్లో దీని మీద మాకు రాత్రి పొద్దుపోయేదాకా వాదన జరుగుతుంది. అక్షరం ఎర వేసి మతం మార్చారు గదా అంటాడు మా రూమ్మేటు. అది తీసిపారేసే మాట కాదు. హయ్యర్ వచ్చింది మతం చెప్పడానికే, దాన్ని ఆయన ఎన్నడూ దాచలేదు. మన దేవుళ్ళ గురించి ఆనాటి మిషనరీలు చాలామంది చులకనగా రాశారన్నదీ నిజమే. కానీ వాడికి నేను అడిగే ప్రశ్న వేరు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరులను కొలుస్తాం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాల కన్నమదాసును కన్నకొడుకులా చూశాడనీ పాడుకొంటాం. చాపకూడు మన సొత్తు. అలాంటి సీమలో, ఆరేడు వందల ఏళ్ళు గడిచాక కూడా, ఒక పల్లెపిల్లాడి చేతికి పలక ఇవ్వడానికి ఫిలడెల్ఫియా నుంచి ఒక ముసలాయన ఎందుకు రావలసి వచ్చింది? మా రూమ్మేటు ఇంతవరకూ దీనికి జవాబు చెప్పలేదు. టీ తాగుదాం పదరా అంటాడు.

పల్నాడు, గుంటూరు, రాజమండ్రి మధ్య ఇలా ఇంకొన్నేళ్ళు గడిచాయి. రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషనువాళ్ళు పెట్టిన కేంద్రం నడపలేక, 1850ల మొదట్లో అమెరికా లూథరన్లకే అప్పగించారు. ఉన్న నలుగురు మనుషులూ రెండు నదుల మధ్య పంచుకోవలసి వచ్చింది. 1857లో అరవై నాలుగో ఏట హయ్యర్ ఇండియా వదిలి వెళ్ళాడు. పని పూర్తయిందని ఎవరైనా అనుకొంటారు. ఆయన మంచుదేశమైన మిన్నెసోటా వెళ్ళి, కొత్తగా వస్తున్న వలసజనానికి చర్చిలు కట్టించే పనిలో దిగాడు. 1860లో అక్కడ ఏర్పడిన లూథరన్ సినడ్‌కు మొదటి అధ్యక్షుడు ఆయనే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది దీని తర్వాతి భాగం. 1861 నుంచి 65 వరకు అమెరికాలో అంతర్యుద్ధం. మిషనుకు డబ్బు లేదు, మనుషులు లేరు. చాలనట్టు అక్కడి లూథరన్లే రెండుగా చీలిపోయారు. రాజమండ్రి కేంద్రాన్ని ఇంగ్లీషు చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామనే ఏర్పాటు జరిగింది. అప్పుడు జర్మనీలో ఉన్న హయ్యర్‌కు ఈ సంగతి తెలిసింది. అట్లాంటిక్ దాటి, 1869 మేలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో జరుగుతున్న చర్చి మహాసభలోకి చేతిలో ప్రయాణపు సంచితో నడిచి వచ్చాడు. ఇవ్వవద్దనీ, ఎవరూ దొరక్కపోతే తానే వెళ్తాననీ, ఈ క్షణమే బయలుదేరగలననీ చెప్పాడు. అప్పుడాయనకు డెబ్భై అయిదు నిండి డెబ్భై ఆరు రాబోతోంది. సభ ఏం చేయగలదు? అప్పగింత ఆగిపోయింది.

1869 డిసెంబరు 1న మూడోసారి తెలుగుదేశంలో, గోదావరి ఒడ్డున దిగాడు. ఇండియాకు యువకులు దొరకడం లేదని సర్దుకోబోయిన పనిని ఒక పండుముసలి నిలబెట్టాడు. కొత్త మిషనరీలు వచ్చేదాకా దాదాపు ఏడాది పైగా కాచుకొని, వాళ్ళ చేతికి అప్పగించి, 1871లో వెళ్ళిపోయాడు. చీలిన ఆ రెండు పాయలూ, గుంటూరు, రాజమండ్రి, తిరిగి ఒక గొడుగు కిందికి వచ్చి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యాయి.

మనం ఇప్పుడు పల్నాడు జిల్లా వాళ్ళం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాలో కళాశాలలకు, కూడళ్ళకు పేర్లు పెట్టేటప్పుడు ఈయన పేరు ఒక్కటైనా ఎవరికన్నా గుర్తొస్తుందేమో చూడాలి. రాకపోయినా ఆయనకు పోయేదేమీ లేదనుకోండి.

చివరి రెండేళ్ళు ఫిలడెల్ఫియాలో, పాస్టర్లు కాబోయే విద్యార్థుల హాస్టల్లో వాళ్ళకు పెద్దదిక్కుగా ఉన్నాడు. ఆ కుర్రాళ్ళ మధ్యనే 1873 నవంబరు 7న, ఎనభయ్యో ఏట కన్నుమూశాడు. పెన్సిల్వేనియా కొండల్లో, సోమర్సెట్ ప్రాంతంలోని ఫ్రీడెన్స్ అనే చిన్న ఊళ్ళో, ముప్ఫై నాలుగేళ్ళ కిందట పోయిన భార్య పక్కనే ఆయన్ను పూడ్చిపెట్టారు.