కొత్వాలు వెంకటరామారెడ్డి

గోదావరికి సమీపమున, బొగ్గుగనుల సీమలోనున్న కమాన్‌పూరు పోలీసు ఠాణా 2016వ సంవత్సరము నుండి రామగుండము పోలీసు కమీషనరేటునకు లోబడియున్నది. ఒకప్పుడు తెలంగాణములో కమీషనరు అను అధికారి హైదరాబాదు నగరమునకు మాత్రమే యుండెను. అంతకు పూర్వము ఆ నగరాధికారిని కొత్వాలు అని పిలిచెడివారు. ఆ పేరు చెవిని పడినంతనే మన ముత్తాతల గుండెలు దడదడలాడెడివి.

కొత్వాలు పదవి మొగలాయీల నాటిది. అక్బరు పాదుషా కట్టడి ననుసరించి కొత్వాలు రాత్రులు గస్తీ తిప్పవలెను. పట్టణమునకు వచ్చిపోవు పరదేశుల లెక్క వ్రాయింపవలెను. అంగళ్లలో తూకములను పరీక్షింపవలెను. దొంగసొత్తు దొరకనిచో ఆ నష్టమునకు తానే బాధ్యత వహింపవలెను. ఈ కడపటి నిబంధన నేటి అధికారులకు లేకపోవుట వారి యదృష్టము! హైదరాబాదును పాలించిన అసఫ్‌జాహీ ప్రభువులు తమకు మిక్కిలి నమ్మకస్థులైన వారినే ఈ పదవియందు నియమించుచుండిరి. నగరములోని వార్తలను కొత్వాలు నేరుగా నిజాము ప్రభువునకే విన్నవించును. కనుక అతని యనుగ్రహము కొరకు గొప్ప గొప్ప జాగీర్దారులు సైతము వేచియుండెడివారు. అసఫ్‌జాహీల పాలనలో ఈ పదవి నధిష్ఠించిన మొదటి హిందువు వెంకటరామారెడ్డిగారు.

వీరు 1869వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన వనపర్తి సంస్థానములోని రాయణిపేట గ్రామమున జన్మించిరి. పుట్టిన కొలది కాలమునకే తల్లి మరణించుటచే అమ్మమ్మ వారిని పెంచి పెద్దచేసెను. పల్లెటూరి చదువు, పిమ్మట వనపర్తిలో కొంత విద్య, అంతే. కళాశాల గడప త్రొక్కినవారు కారు. 1886లో, పదునేడేండ్ల ప్రాయమున, రాయచూరు ప్రాంతమందలి ముద్గల్లులో పోలీసు అమీనుగా కొలువులో ప్రవేశించిరి. అచటి ప్రజల భాష కన్నడము. కచేరీ వ్యవహారము ఉర్దూ. వారి యింటి భాష తెలుగు. ఫిర్యాదు చేయవచ్చిన వాని మాట అర్థము కానిదే వానికి న్యాయము చేయుట యెట్లు? అందుచే ఏ జిల్లాకు పోయిన ఆ జిల్లా భాషను నేర్చుకొనుట వారికి అలవాటయ్యెను.

అనేక సంవత్సరములు జిల్లాలలో పనిచేసిన పిమ్మట, కొత్వాలు ఇమాద్‌జంగు వారిని సహాయాధికారిగా నగరమునకు రప్పించెను. 1920లో ఇమాద్‌జంగు మరణింపగా నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ వెంకటరామారెడ్డిగారినే కొత్వాలుగా నియమించెను.

ఆ కాలము సామాన్యమైనది కాదు. 1921 నవంబరులో ఇంగ్లండు యువరాజు బొంబాయిలో దిగిన దినముననే ఆ నగరము అల్లర్లతో అట్టుడికిపోయెను. మరుసటి జనవరిలో యువరాజు హైదరాబాదునకు వచ్చెను. నగరములో శాంతి చెడకుండ ఆ రాక ముగియుటతో కొత్వాలు సామర్థ్యమునందు ప్రభువునకు నమ్మకము బలపడెను. వారికి రాజాబహద్దూరు బిరుదమును కూడ నిజామే ప్రసాదించెను.

అయితే కొత్వాలుగారు అంతకుముందే మరియొక పనికి పూనుకొనియుండిరి. ఆనాడు పై చదువులకు పల్లెల నుండి నగరమునకు వచ్చు తెలుగు పిల్లలకు తల దాచుకొనుటకు చోటు లేకుండెను. ఉర్దూ రానివానికి ఆ నగరములో దారి చెప్పువారు కూడ అరుదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన 1918లోనే వెంకటరామారెడ్డిగారు సంస్థానాధీశులను, దేశముఖులను ఒప్పించి విరాళములు కూర్చి రెడ్డి హాస్టలును స్థాపించిరి. కొత్వాలీ అధికారి చేయిచాచి అడుగగా లేదనుట యెవరికి సాధ్యము? ఆ పదవికి గల భయము ఇచ్చట పిల్లల అన్నమునకు, పుస్తకములకు అక్కరకు వచ్చినది.

1921 నవంబరు 12న నగరములోని వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన యొక సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడ లేచినప్పుడు కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము నుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1922 ఫిబ్రవరి 24న కొండా వెంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన ఆ సంఘము సమావేశమైనది రెడ్డి హాస్టలులోనే. రాజకీయ సభలకు ముందుగా అనుమతి కావలెనని ఫర్మానా వెలువడి అప్పటికి ఏడాదియైన గడువలేదు. ఈ సమావేశము సంగతి కొత్వాలుగారు ఎరుగరనుట నమ్మదగినది కాదు. ఎరిగియు అడ్డు చెప్పలేదనుటయే సబబు.

సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలునకు పర్యవేక్షకులై గొప్ప గ్రంథాలయమును పెంపొందించిరి. 1926లో గోలకొండ పత్రికను వెలువరించినవారు వీరే. 1939లో కొత్వాలుగారి జీవితచరిత్రను వ్రాసినవారును వీరే. రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలులో నుండియే చదువుకొనిరి. తరువాతి కాలమున వారు నిజాము ప్రభుత్వముపై జరిగిన సాయుధ పోరాటమునకు నాయకులైరి.

వెంకటరామారెడ్డిగారు మాత్రము ఎన్నడును ప్రభువునకు ఎదురు తిరిగినవారు కారు. సభలపై నిర్బంధములు పెరిగిన ఆ దినములలో నగరమున వానిని అమలు జరుపవలసిన శాఖ వారిదే. ఈ సంగతిని దాచిపెట్టి వారిని స్వాతంత్ర్యయోధులుగా చిత్రించుట సరికాదు. వారు ఒక చేతితో ప్రభుత్వపు దండమును ధరించి, రెండవ చేతితో ఆ ప్రభుత్వమును ప్రశ్నింపగల తరమునకు అన్నము పెట్టిరి. రెండింటిని ఒక్కరే పదునాలుగేండ్లు ఎట్లు నడిపిరో తలచిన ఆశ్చర్యము కలుగును.

1934లో కొత్వాలు పదవిని విడిచిన పిమ్మట నిజాము వారిని తన సొంత భూములైన సర్ఫేఖాసు వ్యవహారములలో ప్రత్యేకాధికారిగా నియమించెను. 1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. కొత్వాలు అను పేరు క్రమముగా మరుగుపడి కమీషనరు అను పేరే నిలిచెను. 1952 ఎన్నికలలో తమ హాస్టలు విద్యార్థి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి అత్యధికమైన ఆధిక్యముతో లోకసభకు ఎన్నికగుటను గూడ వెంకటరామారెడ్డిగారు చూచిరి. 1953 జనవరి 25న, ఎనుబది మూడేండ్ల వయస్సున, వారు పరమపదించిరి.

మరుసటి యేట నారాయణగూడలో వారి పేర మహిళా కళాశాల వెలసెను. హిమాయత్‌సాగరము చెంతనున్న తెలంగాణ పోలీసు అకాడమీకి కూడ నేడు వారి పేరే యున్నది. కమాన్‌పూరు వంటి ఠాణాలకు క్రొత్తగా వచ్చు సబ్‌ఇన్‌స్పెక్టర్లు సాధారణముగా అచ్చటనే శిక్షణ పొందుదురు.