వనెస్సాకు పేరు పెట్టిన కవి

బిడ్డ పుట్టిన ఇరువదియొకటవ నాడు పళ్లెములోని బియ్యముపై తండ్రి వ్రాయు పేరు సాధారణముగా పాతదే. అది తాతదో, ఇలవేలుపుదో, పురాణపురుషునిదో యై యుండును. కావ్యములనుండి పిల్లలకు పేళ్లు సంక్రమించుటయు కలదు. శకుంతల, దమయంతి యను పేళ్లు కాళిదాస శ్రీనాథుల కావ్యములవలన మనకు మరింత ప్రియములైనవి. కాని ఆ పేళ్లను ఆ కవులు కల్పింపలేదు. అవి భారతమునందు అంతకుముందే యున్నవి. కవి తన కావ్యమునకై సరికొత్తగా కూర్చిన పేరు కాలక్రమమున ఊయలలోని బిడ్డలకు చేరుట అరుదైన విషయము. ఆంగ్ల సాహిత్యమున అట్టివి కొన్ని కలవు. ఫిలిప్ సిడ్నీ కల్పించిన పమేలా, షేక్స్పియరు నాటకమున వెలసిన మిరాండా అట్టివే. వీనిలో వనెస్సా యను పేరు వెనుక నున్న కథ మిక్కిలి విషాదకరము. ఆ పేరు కూర్చినవాడు గలివరు యాత్రలు రచించిన జోనథన్ స్విఫ్టు.

స్విఫ్టు 1667 నవంబరు 30వ తేదీన డబ్లిను నగరమున జన్మించెను. అతడు పుట్టుటకు కొన్ని నెలల ముందే తండ్రి మరణించెను. తండ్రి పేరును జోనథనే. కన్నులార చూడని తండ్రినుండి అతనికి దక్కినది ఆ పేరే. పసితనమున దాది యతనిని ఇంగ్లండులోని వైట్‌హేవెను రేవునకు కొనిపోయి, సుమారు మూడేండ్లు అచట పెంచెను. తరువాత పెదతండ్రి గాడ్విను పోషణలో కిల్కెన్నీ పాఠశాలలోను, డబ్లిను ట్రినిటీ కళాశాలలోను చదివెను. 1686లో అతనికి పట్టము లభించెనుగాని, అది ప్రత్యేకానుగ్రహముగా ఇచ్చిన పట్టము. ఒకరి దయపై బ్రదుకవలసి వచ్చిన బాల్యము అతని స్వభావమున ఒక చేదును మిగిల్చెను.

1689లో అతడు ఇంగ్లండు చేరి, సర్రే మండలమున మూర్ పార్కు భవనములో సర్ విలియం టెంపుల్ అను రాజనీతిజ్ఞునికడ కార్యదర్శిగా కుదిరెను. ఆ భవనమున ఎనిమిదేండ్ల బాలిక యొకతె పెరుగుచుండెను. ఆమె పేరు ఎస్తర్ జాన్సన్. స్విఫ్టు ఆమెకు వ్రాత దిద్దించెను. చదువదగిన గ్రంథముల నెన్నిక చేసి యిచ్చెను. టెంపుల్ 1699లో మరణించెను. 1701లో ఎస్తరు, రెబెక్కా డింగ్లీ యను తోడురాలితో ఐర్లండునకు తరలివచ్చి, జీవితాంతము స్విఫ్టునకు చేరువనే నివసించెను. మూడవ మనిషి లేక వారిరువురును ఎన్నడును కలిసికొనలేదని చెప్పుదురు. రహస్యముగా వివాహమాడిరను వదంతి యొకటి కలదు గాని, దానికి రుజువు లేదు. అతని కవితలలో ఆమె పేరు స్టెల్లా. ఎస్తరు అను పేరునకు నక్షత్రమని అర్థము చెప్పుదురు. లాటినులో స్టెల్లా యన్నను నక్షత్రమే. అయితే ఈ పేరు అతని కల్పన కాదు. 1591లో అచ్చయిన సిడ్నీ ప్రేమగీతముల నాయిక స్టెల్లా.

ఇతరులకు ఇంత శ్రద్ధతో పేళ్లు పెట్టిన స్విఫ్టు తన రచనలకు తన పేరు పెట్టుటకు మాత్రము ఇష్టపడలేదు. 1695లో మతాచార్యుడైన పిదప రచించిన వ్యంగ్యగ్రంథము 1704లో కర్త పేరు లేకయే వెలువడెను. 1708లో ఐజక్ బికర్‌స్టాఫ్ అను కల్పిత జ్యోతిష్కుని వేషము ధరించి, పార్ట్రిడ్జి యను పంచాంగకర్త మార్చి 29వ తేదీన మరణించునని ప్రకటించెను. గడువు దాటిన వెంటనే ఆ జోస్యము ఫలించినదని మరియొక పత్రమును వెలువరించెను. పాపము, పార్ట్రిడ్జి తాను బ్రదికియే యుంటినని లోకమును నమ్మించుటకు నానా పాట్లు పడవలసి వచ్చెను.

ఆ కాలముననే లండనులో వాన్‌హామ్రీ కుటుంబముతో స్విఫ్టునకు పరిచయమయ్యెను. ఆ యింటి యజమాని డచ్చి జాతీయుడు. డబ్లిను నగరాధ్యక్షుడుగా పనిచేసిన వర్తకుడు. అతడు 1703లో మరణింపగా, భార్య పిల్లలతో 1707లో లండను చేరెను. పెద్దకూతురు పేరును ఎస్తరే. స్విఫ్టునకు అప్పటికి నలుబదియేండ్లు. ఆమెకు ఇరువది నిండలేదు. ఇచటను అతడు గురువే యయ్యెను. 1710 మొదలు మంత్రులకు ఆప్తుడై, వారి పక్షమున వ్రాయుచు లండనులో వెలుగొందిన దినములలో అతడు తరచుగా ఆ యింటనే భోజనము చేయుచుండెను. డబ్లినులోని స్టెల్లాకు నాటి ముచ్చట లన్నియు వ్రాయుచుండెను. ఆ లేఖలలో వాన్‌హామ్రీ వారి విందులు కనబడును గాని, వారి కూతురి ప్రసక్తి అరుదు.

1713 ప్రాంతమున అతడు ఆ యువతికై ఒక దీర్ఘకావ్యము వ్రాసెను. ఆమె యింటిపేరునుండి వాన్ అను భాగమును, ఎస్తరునకు ముద్దుపేరైన ఎస్సాను కలిపి వనెస్సా యను పేరు కూర్చెను. తనకు కెడీనస్ అని పేరు పెట్టుకొనెను. అది చర్చి డీను పదవిని తెలుపు లాటిను పదములోని అక్షరములను తారుమారు చేసినది. కావ్యమున ప్రణయదేవతయైన వీనసు పురుషుల ఆశలకు తగిన యువతిని సృష్టింపనెంచి, అప్పుడే పుట్టిన ఆడుశిశువునకు సకల సౌందర్యములను ప్రసాదించి, తానే వనెస్సా యని నామకరణము చేయును. విద్యాధిదేవతయైన పాలసు ఆ శిశువును మగబిడ్డ యని పొరబడి, పురుషోచితమైన జ్ఞానమును ఒసగును. పెరిగిన వనెస్సా తన గురువును ప్రేమించును. అతడు ప్రేమకు బదులు స్నేహమునే ఇవ్వజూపును. చివరకు ఏమి జరిగెనో చెప్పక కవి తప్పించుకొనెను. ఆమె అడుగుచుండిన ప్రశ్నకు జీవితమునను అతడు సమాధానము చెప్పలేదు.

1713లో అతనికి డబ్లినులోని సెయింట్ పాట్రిక్ ప్రధానాలయమున డీను పదవి లభించెను. మరుసటి యేడు ఆన్ రాణి మరణింపగా అతని మిత్రుల ప్రభుత్వము కూలెను. స్విఫ్టు ఐర్లండునకు మరలెను. వనెస్సాయు అతని వెంట వచ్చి, డబ్లినునకు అల్లంత దూరముననున్న సెల్బ్రిడ్జిలో తండ్రి వదలిన యింట నివసించెను. ఒకే నగర పరిసరములలో ఇరువురు ఎస్తరులు. ఇద్దరికిని అతడే గురువు. వనెస్సా లేఖలు ఆవేదనతో నిండియుండును. స్విఫ్టు ప్రత్యుత్తరములలో బుజ్జగింపు, హెచ్చరిక, లోకనింద భయము కనబడును. అతడు వచ్చిన ప్రతిసారియు ఆమె తోటలో ఒక లారెల్ మొక్క నాటుచుండెనని ఆ ప్రాంతమున చెప్పుకొనిరి. తల్లి 1714లోనే పోయెను. 1721లో చెల్లెలు మరణించిన పిదప ఆమె యేకాకిని యయ్యెను. 1723 జూను 2వ తేదీన ముప్పదియైదేండ్ల ప్రాయమున కన్నుమూసెను. మరణశాసనమున తన ఆస్తిని ఒక న్యాయవాదికిని, తనకు అంతగా పరిచయము లేని తత్త్వవేత్త బర్క్లీకిని వ్రాసెను. అందు స్విఫ్టు పేరు లేదు. తనకు పేరు పెట్టిన వాని పేరును ఆమె తన కడపటి వ్రాతలో తలపకుండుటకంటె కఠినమైన శిక్ష వేరొకటి యుండదు.

ఆ శోకమును స్విఫ్టు బయటపెట్టలేదు. 1724లో వుడ్ అను ఆంగ్లేయుడు ఐర్లండుపై రుద్దబోయిన రాగినాణెములను ధిక్కరించుచు, ఒక బట్టల వర్తకుని పేరిట లేఖలు ప్రకటించెను. కర్త యెవరో చెప్పినవారికి ప్రభుత్వము 300 పౌనులు బహుమానము చాటెను. డబ్లిను ప్రజలకు ఆ పేరు తెలియును. చెప్పినవాడు ఒక్కడును లేడు. 1725లో ఆ నాణెముల హక్కు రద్దయ్యెను. 1726 అక్టోబరులో గలివరు యాత్రలు వెలువడెను. అందును కర్తగా కనబడునది గలివరే.

ఆ యేడే మరియొక పుస్తకమును అచ్చయ్యెను. వనెస్సా మరణానంతరము వ్రాతప్రతులుగా చేతులు మారుచుండిన ఆ కావ్యము ముద్రణ పొంది, అంతరంగ విషయమంతయు బజారున పడెను. అంత చక్కని కావ్యమునకు కారణమైన స్త్రీ అసాధారణురాలై యుండునని యొకరు స్టెల్లా యెదుట ననగా, డీనుగారు చీపురుకట్టను గూర్చియైనను చక్కగా వ్రాయగలరని ఆమె చిరునవ్వుతో బదులు చెప్పెనని ప్రతీతి. చీపురుకట్టపై అతడు నిజముగనే ఒక వ్యాసము వ్రాసియుండెను.

స్టెల్లా 1728 జనవరి 28వ తేదీన మరణించెను. అతిథులు వెళ్లిన పిదప ఆ రాత్రియే స్విఫ్టు ఆమె చరిత్ర వ్రాయ మొదలిడెను. అంత్యక్రియలకు పోలేదు, ప్రధానాలయపు దీపముల కాంతి కంటబడకుండ వేరు గదిలోనికి మారెను. యౌవనమునుండి అతనిని వేధించిన తలత్రిప్పుట, చెవుడు వార్ధక్యమున ముదిరెను. 1742లో అతడు తన వ్యవహారములు చూచుకొనజాలడని నిర్ణయించి సంరక్షకులను నియమించిరి. 1745 అక్టోబరు 19వ తేదీన మరణించి, స్టెల్లా సరసన సమాధి యయ్యెను. ఆస్తిలో అధికభాగమును మానసిక రోగుల ఆస్పత్రికై వ్రాసెను. 1757లో తెరచిన ఆ సెయింట్ పాట్రిక్ ఆస్పత్రి నేటికిని డబ్లినులో నడచుచున్నది.

వనెస్సాకు సమాధియు మిగులలేదు. ఆమెను పూడ్చిన సెయింట్ ఆండ్రూ ఆలయము 1860లో దగ్ధమైనది. పేరు మాత్రము నిలిచెను. 1807లో ఫాబ్రీషియస్ అను డేనిషు శాస్త్రజ్ఞుడు ఒక సీతాకోకచిలుకల జాతికి వనెస్సా యని పేరు పెట్టెను. ఆ జాతివి కొన్ని మన తోటలలోను ఎగురుచుండును. 1879లో లండనులో లెస్లీ స్టీఫెన్ అను విమర్శకునికి కలిగిన కూతురు వనెస్సాయే. ఆమె చిత్రకారిణి వనెస్సా బెల్, రచయిత్రి వర్జీనియా వుల్ఫునకు అక్క. ఆ స్టీఫెనే 1882లో స్విఫ్టు జీవితచరిత్రమును ప్రకటించుట గమనింపదగినది. 20వ శతాబ్దమున ఆ పేరు దేశదేశములకు వ్యాపించెను.

స్విఫ్టునకు సంతానము లేదు. తన చేతులలో నొక శిశువును ఉంచుకొని పేరు పిలిచిన తండ్రి కాడు. తాను ప్రేమింపను వెరచిన స్త్రీని మరుగుపరచుటకు అతడు కూర్చిన పేరును, ఆమె దుఃఖ మెరుగని తల్లులు మూడు శతాబ్దముల తరువాతను తమ ఆడుబిడ్డల చెవులలో మురిపెముతో పలుకుచున్నారు. కావ్యములోని వీనసు ఆ శిశువునకు కోరిన శుభము, ఆ పేరుగల తొలి స్త్రీకి దక్కలేదు. ఆ తరువాతి వారికైనను దక్కుగాక.