ఓలె ఎవిన్‌రూడ్

ఓలె ఎవిన్‌రూడ్ (1877 ఏప్రిల్ 19 - 1934 జూలై 12) నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యాంత్రికుడు, పారిశ్రామికవేత్త. పడవ వెనుక అంచుకు తగిలించి నడిపే మోటారును (అవుట్‌బోర్డ్ మోటారు) సామాన్యులు కొని వాడుకోగలిగిన రూపానికి తెచ్చినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. ఇటువంటి మోటారును మొదట తయారుచేసినది ఇతడు కాదు. కాని ఒక మనిషి మోయగలిగినంత తేలికగా, యంత్రవిద్య తెలియని పడవవాడు సైతం విప్పి బాగుచేసుకోగలిగినంత సరళంగా దానిని రూపొందించినది ఇతడే. నెల్లూరు జిల్లా తీరంతో సహా ప్రపంచమంతటా చిన్న పడవలకు బిగిస్తున్న మోటార్లు ఈ ఆలోచనకు కొనసాగింపే.

బాల్యము

ఎవిన్‌రూడ్ నార్వే దేశంలోని యోవిక్ పట్టణ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఇతనికి ఐదేళ్ళ వయసులో కుటుంబం అమెరికాకు వలసవెళ్ళి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి అనే ఊరి దగ్గర, రిప్లీ సరస్సు ఒడ్డున వ్యవసాయం చేపట్టింది. ఓడ ప్రయాణంలో ఈ బాలుడు తల్లి కన్నుగప్పి మాటిమాటికీ ఇంజను గదికి చేరేవాడని చెబుతారు. బడిచదువు కొద్దికాలమే సాగింది. పొలం పనిముట్లు బాగుచేయడంలోను, పడవలు కట్టడంలోను ఇతని ఆసక్తి బయటపడింది.

పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచి మాడిసన్ నగరానికి వెళ్ళి వ్యవసాయ యంత్రాల కర్మాగారంలో పనికి కుదిరాడు. పగలు పనిచేస్తూ, రాత్రులు ఇంజనీరింగు పుస్తకాలు చదువుకున్నాడు. ఆపై పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాలలోను, చికాగోలోను పనిచేసి, చివరకు మిల్వాకీ నగరం చేరి అచ్చులు తయారుచేసే నిపుణుడిగా పేరు తెచ్చుకున్నాడు.

మిల్వాకీలో తొలి ప్రయత్నాలు

1900లో క్లెమిక్ అనే భాగస్వామితో కలిసి కోరిన విధంగా ఇంజన్లు తయారుచేసి ఇచ్చే సంస్థను ఎవిన్‌రూడ్ స్థాపించాడు. ఆ కాలంలో మిల్వాకీలో పెట్రోలు ఇంజన్లపై ప్రయోగాలు చేస్తున్న యువకులు పలువురు ఉండేవారు. హార్లే-డేవిడ్‌సన్ మోటారుసైకిలు సంస్థ వ్యవస్థాపకులకు తొలిరోజులలో ఇతడు ఇంజను విషయమై సహాయం చేశాడు. భాగస్వామ్యాలు నిలవక, ఇతని తొలి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. యంత్రం మీద ఉన్న శ్రద్ధ లెక్కల మీద లేకపోవడం ఇతని లోపం.

ఆ లోపాన్ని తీర్చినది బెస్ కేరీ. వాణిజ్య విద్య అభ్యసించిన ఈమె ఇతని ఉత్తరప్రత్యుత్తరాలు, లెక్కలు చూసేది. 1906లో వీరి వివాహం జరిగింది. 1907లో కుమారుడు రాల్ఫ్ జన్మించాడు.

మోటారు ఆవిష్కరణ

ఈ ఆవిష్కరణకు సంబంధించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1906 వేసవిలో ఒకనాడు ఒకౌచీ సరస్సులోని ద్వీపానికి ఇద్దరూ విహారానికి వెళ్ళారు. బెస్ ఐస్‌క్రీము కోరగా, ఎవిన్‌రూడ్ తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు వెళ్ళి కొని తెచ్చేసరికి అది కరిగిపోయింది. తెడ్ల శ్రమ తప్పించే యంత్రం గురించిన ఆలోచన అప్పుడే మొదలైందంటారు. ఇటువంటి మోటార్లు అంతకుముందే ఉన్నాయి. 1896లో న్యూయార్క్ ప్రాంతంలో ఒక సంస్థ కొన్నింటిని తయారుచేసింది. కామెరాన్ వాటర్‌మన్ 1905లో మరొకటి రూపొందించాడు. అవేవీ విస్తృతంగా జనంలోకి వెళ్ళలేదు.

ఎవిన్‌రూడ్ తన నమూనాను 1909లో మిల్వాకీలోని కిన్నికినిక్ నదిలో పరీక్షించాడు. మొదటిసారి చూసినప్పుడు అది కాఫీగింజల మరలా ఉందని బెస్ పరిహసించిందట. దాని అమరిక ఇలా ఉండేది. పైన చేతితో తిప్పే బరువైన చక్రం (ఫ్లైవీలు). దాని కింద అడ్డంగా పడుకోబెట్టిన ఒకే సిలిండరు. అక్కడినుండి నీటిలోకి నిలువుగా దిగే ఇరుసు. అడుగున ఆ భ్రమణాన్ని ప్రొపెల్లరు వైపు మళ్ళించే పళ్ళచక్రాలు. శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌండ్లు (సుమారు 28 కిలోలు), ధర 62 డాలర్లు. మొదట చేతితో తయారుచేసిన 25 మోటార్లు వెంటనే అమ్ముడుపోయాయి.

వ్యాపారాన్ని బెస్ నడిపించింది. తెడ్లను పారవేసి మోటారును వాడమని పిలుపునిచ్చే ప్రకటన ఆమె రాసినదే. ఆ ప్రకటనతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. స్కాండినేవియా దేశాల మత్స్యకారులకోసం పెద్దసంఖ్యలో ఆర్డర్లు వచ్చాయి. విహారానికి పుట్టిన యంత్రం ఆ విధంగా జీవనోపాధి సాధనమైంది. 1911లో ఎవిన్‌రూడ్‌కు పేటెంటు లభించింది.

మోటారు ఆగిపోవుటకు కారణాలు

తొలినాటి మోటార్ల ప్రధాన లోపం నడిమధ్యలో ఆగిపోవడం. చక్రం ఎన్నిసార్లు తిప్పినా రాజుకోకపోవడం, తిప్పుతుండగా వెనుకకు తన్ని చేతికి దెబ్బ తగలడం సాధారణం. ఎవిన్‌రూడ్ శ్రమలో అధికభాగం ఈ లోపాన్ని తగ్గించడానికే వినియోగమైంది. పెట్రోలు మోటారు నడవడానికి ఇంధనం, నిప్పురవ్వ, చల్లదనం అనే మూడూ అందాలి. వీటిలో ఏది తప్పినా మోటారు ఆగుతుంది. నేటి మోటార్లలోను లోపాన్ని వెదికే క్రమం ఇదే.

ఇంధనం: కొద్ది నిమిషాలు చక్కగా నడిచి క్రమంగా నీరసించి ఆగితే, ముందుగా ట్యాంకు మూతకు ఉన్న గాలిమర చూడాలి. అది మూసి ఉంటే ట్యాంకులోకి గాలి చేరక పెట్రోలు రావడం ఆగుతుంది. తరువాత గొట్టం మెలికలు, అతుకులు, చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ, జల్లెడ చూడాలి. బుడ్డను ఎంత నొక్కినా గట్టిపడకపోతే గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతున్నదని గ్రహించాలి. ఇంధనంలో నీరు కలిసినా మోటారు తడబడుతుంది. జల్లెడ గిన్నెలో నీరు అడుగుకు చేరి విడిగా కనిపిస్తుంది.

నిప్పురవ్వ: హఠాత్తుగా, గొంతు నొక్కినట్లు ఆగితే ముందు భద్రతా తాడు ఊడిందేమో చూడాలి. అది సరిగానే ఉంటే స్పార్కు ప్లగ్గు విప్పి పరిశీలించాలి. నల్లగా మసిపట్టినా, పెట్రోలుతో తడిసినా తుడిచి ఆరబెట్టి బిగించాలి. తీగల అతుకులకు ఉప్పునీటి తుప్పు పట్టడం సముద్రంలో తరచు కనిపించే లోపం.

చల్లదనం: మోటారు నడుస్తుండగా పక్కనుండి సన్నని నీటిధార బయటకు చిమ్ముతూ ఉండాలి. ధార ఆగితే మోటారును వెంటనే ఆపాలి. నీరు పీల్చే రంధ్రానికి నాచు గాని, ప్లాస్టిక్ కాగితం గాని అడ్డుపడి ఉండవచ్చు, లేదా నీటిపంపులోని రబ్బరు రెక్కలు అరిగి ఉండవచ్చు. చల్లారనీయకుండా మళ్ళీ నడిపితే పిస్టను బిగుసుకుపోతుంది.

ఈ మూడూ సరిగా ఉన్నప్పుడు ప్రొపెల్లరు చూడాలి. వల గాని తాడు గాని చుట్టుకుంటే మోటారు ఆగుతుంది. మోటారు నడుస్తున్నా పడవ కదలకపోతే ప్రొపెల్లరును పట్టి ఉంచే చిన్న పిన్ను విరిగిందని అర్థం. ప్రొపెల్లరు రాయికి తగిలినప్పుడు పళ్ళచక్రాలు చెడకుండా తానే విరిగిపోయేలా ఆ పిన్నును అమరుస్తారు.

ఎల్టో మోటారు

1911లో క్రిస్ మేయర్ అనే ధనికుడు భాగస్వామిగా చేరాడు. పనిభారంతో బెస్ ఆరోగ్యం క్షీణించగా, 1914 నాటికి ఎవిన్‌రూడ్ తన వాటాను మేయర్‌కు అమ్మివేశాడు. కొన్నేళ్ళపాటు ఈ వ్యాపారంలోకి రాకూడదన్న ఒప్పందానికి కట్టుబడి, భార్యాబిడ్డలతో దేశమంతా పర్యటించాడు. గడువు ముగిశాక, ఇనుముకు బదులు అధికంగా అల్యూమినియం వాడి రెండు సిలిండర్ల కొత్త మోటారు రూపొందించాడు. శక్తి మూడు హార్స్‌పవర్లకు పెరిగినా బరువు 48 పౌండ్లకు తగ్గింది. మేయర్ దానిని తయారుచేయడానికి అంగీకరించలేదు. దానితో ఎవిన్‌రూడ్ దంపతులు 1921లో ఎల్టో పేరిట వేరే సంస్థను స్థాపించి, తమ పేరు గల పాత సంస్థతోనే పోటీపడ్డారు.

1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ సంస్థ, లాక్‌వుడ్ సంస్థ విలీనమై అవుట్‌బోర్డ్ మోటార్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అదే సంవత్సరం ఆర్థికమాంద్యం మొదలై అమ్మకాలు పడిపోయాయి. 1933లో బెస్ మరణించింది. మరుసటి ఏడు జూలై 12న ఎవిన్‌రూడ్ మిల్వాకీలో కన్నుమూశాడు. అప్పటికి ఇతని వయసు 57 సంవత్సరాలు.

అనంతరకాలము

తండ్రి తరువాత రాల్ఫ్ సంస్థ బాధ్యత చేపట్టాడు. 1936లో జాన్సన్ మోటారు సంస్థతో విలీనం జరిగింది. ఆ ఉమ్మడి సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది. 2001లో కెనడాకు చెందిన బంబార్డియర్ సంస్థ ఎవిన్‌రూడ్ పేరును, తయారీని కొన్నది. 2020లో ఆ పేరిట మోటార్ల తయారీ నిలిచిపోయింది.

నెల్లూరు తీరంలో

కొడవలూరుకు తూర్పున గల తీరంలో, విడవలూరు మండలపు రామతీర్థం మొదలుకొని పెన్న ఆవలి మైపాడు వరకు ఉన్న పల్లెల మత్స్యకారులు పూర్వం కొయ్య తెప్పలను తెడ్లతో, తెరచాపతో నడిపేవారు. నేడు ఫైబరు తెప్పలకు మోటార్లు బిగిస్తున్నారు. వీటిలో చాలావాటికి డీజిలుతో నడిచే పొడవు కాడ ఇంజన్లు ఉంటాయి. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. అది ఆగితే ఇంధన గొట్టంలో గాలి చేరిందేమో చూసి, మర వదులుచేసి బుడగలు లేని ధార వచ్చేవరకు గాలిని తీసివేయాలి.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల చేపలవేటకు నిషేధం అమలవుతుంది. ఈ రోజులలో ట్యాంకులోను, గొట్టాలలోను నిలవ ఉండిన ఇంధనం చెడి, నీరు చేరి, వేట మొదలైన తొలిరోజులలో ఇంజన్లు ఆగడానికి కారణమవుతుంది. అందువలన వేటకు పోయే ముందు పాత ఇంధనం తీసివేసి, జల్లెడ మార్చి, ఒడ్డునే నడిపి చూసుకోవడం అవసరం.

సముద్రంలో ఇంజను ఆగినప్పుడు మొదటి పని మరమ్మతు కాదు. ఆగిన తెప్ప అలలకు అడ్డం తిరిగితే బోల్తా పడే ప్రమాదం ఉంది. కనుక లోతు అందినచోట లంగరు వేసి, ముందుభాగాన్ని అలలకు ఎదురుగా నిలిపి, ఆ తరువాతనే ఇంజను విప్పాలి. అదనపు ప్లగ్గు, పిన్ను, జల్లెడ, పానాలు వెంట ఉండాలి. బెస్ ప్రకటన తెడ్లను పారవేయమన్నది సరస్సులో విహరించేవారికి. సముద్రంపై బతికేవారు మోటారు ఉన్నా తెడ్డును తెప్పలో ఉంచుకోవలసినదే.